పదిహేడు అంగుళాల అల్మరా, ఎనభై చీరలు: సత్యనారాయణపురంలో ఒక కేసు

విజయవాడ సత్యనారాయణపురంలో 1990లలో కట్టిన అపార్ట్‌మెంటు అది. రెండు పడక గదులు. పెద్ద గదిని బెంగళూరులో చదువుకుంటున్న అమ్మాయికే ఉంచేసి భార్యాభర్తలు చిన్న గదిలో సర్దుకున్నారు. ఆవిడ బ్యాంకు ఉద్యోగి, ఆయన స్కూలు టీచరు. చిన్న గది 10 అడుగుల వెడల్పు, 11 అడుగుల పొడవు. అందులో డబుల్ కాట్, కిటికీ, పడమటి గోడలో ఒక అల్మరా, దాని పైన అటక. బట్టలు పట్టడం లేదని, అల్మరా పీకించి కొత్త వార్డ్‌రోబ్ పెట్టించుకుంటామని నన్ను పిలిచారు.

చూసిన తర్వాత నేను చెప్పింది ఒకటే: అరలుగా వేసిన బండలు పీకొద్దు. ఇలాంటి అల్మరాలో స్థలం పోయేది వెడల్పు తక్కువై కాదు. దొంతర మీద మిగిలే ఖాళీలో కొంత పోతుంది, వెనక కంటికి కనపడని వరసలో మరికొంత పోతుంది. ఆ రెండూ వాడుకలోకి తెస్తే ఉన్నదే సరిపోతుంది.

కొలతలు

ఆ కాలపు చాలా ఇళ్లలోలాగే ఇక్కడా గోడలో గూడు వదిలి అడ్డంగా కడప బండలు పరిచారు. వెడల్పు 51 అంగుళాలు, లోతు 17, నేల నుంచి అటక దాకా ఎత్తు 81. అంగుళం మందం బండలు నాలుగు, వాటి మధ్య అయిదు అరలు. ఒక్కో అర ఎత్తు 15 అంగుళాల పైచిలుకు. అన్నీ కలిపితే 38 ఘనపుటడుగులకు పైనే వస్తుంది. ఇద్దరి బట్టలకు అది తక్కువేమీ కాదు.

టేపు పెట్టి చూస్తే దొంతరల ఎత్తు సగటున పది అంగుళాలు దాటలేదు. అంతకన్నా ఎక్కువ పేరిస్తే పక్కకు ఒరిగిపోతాయి. అంటే ప్రతి అరలోనూ పైన మూడో వంతు ఖాళీ. మామూలుగా చీరను పన్నాలో నాలుగు మడతలు వేస్తారు కాబట్టి దొంతర లోతు 12 అంగుళాల దగ్గర ఆగుతుంది. మిగిలిన అయిదు అంగుళాల సందులో ఏవేవో దూరాయి: పాత మందుల చీటీలు, చీరల షాపుల కవర్లు, ఒంటి సాక్సులు, ఎవరి పెళ్లిలోనో ఇచ్చిన స్టీలు గిన్నె. ఆ సందుకున్న గుణమే అంత, అక్కడికి వెళ్లిన వస్తువు ఇక వాడుకలోకి రాదు.

బట్టలన్నీ మంచం మీద పోసి లెక్క పెట్టాం. పట్టు చీరలు 22. నూలు చీరలు, సిల్కు కాని మిగతా చీరలు కలిపి 58. ఆయన చొక్కాలు 26, ప్యాంట్లు 14. చుడీదార్లు, జాకెట్లు, లంగాలు, దుప్పట్లు, తువ్వాళ్లు ఇవికాక. పేరంటాల్లో వచ్చిన జాకెట్టు ముక్కలు ఒక సంచి నిండా ఉన్నాయి. పెట్టుపోతలకని దాచిన చీరలు మరో దొంతర. ఈ చివరి రెండూ అసలు ఆ అల్మరాలో ఉండాల్సినవే కావు. ఇంట్లోవాళ్లు కట్టుకోని బట్టలు రోజూ చేతికందే అరను ఆక్రమించి కూర్చున్నాయి.

చెమ్మ ముందు, చెక్క తర్వాత

కింది అరలో దుప్పట్లకు బూజు వాసన వస్తోంది. ఆ గూడు భవనం బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. వెనక గోడ నాలుగున్నర అంగుళాల ఇటుకే, పైగా పడమటి వాన నేరుగా దాని మీదే పడుతుంది. ఇలాంటి చోట చెమ్మ గోడలోంచి ఊరుతోందా, గదిలోని గాలి చల్లబడి చేరుతోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒక చదరపుటడుగు ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకు బిగించి రెండు రోజులు వదిలేస్తే సరి. నీటి బిందువులు కాగితం వెనక, అంటే గోడ వైపు చేరితే ఊట. ముందు వైపు చేరితే గాలిలోని తేమ. ఇక్కడ వెనకే చేరాయి. బయట సిమెంటు పూతలో వెంట్రుక మందం పగులు కనిపించింది. దాన్ని పూడ్పించి, ఆ గోడ ముఖానికి నీరు పీల్చని పూత వేయించి, పూర్తిగా ఆరేదాకా చెక్క పని మొదలుపెట్టలేదు. ఆవిడ విసుక్కున్నారు. తడి గోడకు ప్లైవుడ్ ఆనిస్తే రెండు వర్షాకాలాలు తిరిగేసరికి పొరలు విడిపోతాయి. ఆ తర్వాత పడే విసుగు ఇంతకన్నా పెద్దది.

అరల్లో పరిచిన దినపత్రికలన్నీ తీయించేశాను. మన ఇళ్లలో తరతరాల అలవాటు ఇది, నాకు మాత్రం నచ్చదు. కాగితం చెమ్మను పట్టి ఉంచుతుంది, దాని కింద వెండి పురుగులు కాపురం పెడతాయి. వాటికి గంజి అంటే మహా ఇష్టం. అందుకే గంజి పెట్టిన నూలు చీరను నెలల తరబడి అరలో ఉంచకూడదు. తరచూ కట్టేవాటికి గంజి పెట్టుకోవచ్చు, దాచేవాటికి వద్దు. కాగితాల బదులు పాత నూలు పంచెను చించి పరిచాం. ఉతికి మళ్లీ వేసుకోవచ్చు.

బండల సంగతి

“మేస్త్రి గారూ, ఈ బండలు తీసేస్తే పొడుగ్గా రాడ్డు వేసుకుని అన్నీ హ్యాంగర్లకు తగిలించుకోవచ్చు కదా?” అని ఆవిడ అడిగారు. ఫోనులో చూసిన వీడియోల్లో అన్నీ అలాగే ఉన్నాయట. ఆ వీడియోల్లోని వార్డ్‌రోబ్‌ల లోతు రెండడుగులు. పెద్దవాళ్ల చొక్కా హ్యాంగరు 17 అంగుళాలు ఉంటుంది, దాని మీద చొక్కా భుజం ఇంకాస్త బయటికి వస్తుంది. 17 అంగుళాల గూటిలో అడ్డంగా రాడ్డు వేస్తే తలుపు పడదు. పడినా చొక్కా భుజం తలుపుకు రాసుకుంటూనే ఉంటుంది. రాడ్డును ముందు నుంచి వెనక్కి వేసే పద్ధతి ఉంది. అప్పుడు చొక్కాలు ఒకదాని వెనక ఒకటి మనకు ఎదురుగా వేలాడతాయి. కానీ పొడవాటి చొక్కాకు రాడ్డు నుంచి కిందికి 40 అంగుళాలు కావాలి, అంటే రెండు బండలు పోవాలి. ఒక్కో బండ 38 కిలోల దాకా ఉంటుంది, కొసలు రెండూ గోడలోకి దిగి ఉంటాయి. సగం కోసేసి సగం ఉంచుదామంటే మిగిలిన సగానికి ఒక వైపు ఆధారం పోతుంది.

ఇంతకీ ఆయన చొక్కాలు వీధి చివర ఇస్త్రీ బండి నుంచి వస్తాయి. చక్కగా మడత పెట్టి, కాగితంలో చుట్టి ఇస్తారు. ఆ మడత విప్పి హ్యాంగరుకు తగిలించడం ఎవరి కోసం? ఈ ప్రశ్నకు ఆయన నవ్వారు, రాడ్డు ప్రస్తావన అంతటితో ఆగిపోయింది. ఉన్న ఒకే ఒక కోటు అమ్మాయి గదిలోకి వెళ్లింది.

కాబట్టి బండలు నాలుగూ ఉన్నచోటే ఉన్నాయి. పై మూడు అరల్లో మాత్రం నిట్ట నిలువుగా నడుమ ఒక 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దానికి ఇరువైపులా సగం ఎత్తులో అడ్డపలకలు వేయించాను. 15 అంగుళాల అర ఏడుంపావు అంగుళాల చిన్న అరలు రెండైంది. నడుమ నిలువు పలక లేకుండా 51 అంగుళాలూ ఒకే పలక వేస్తే చీరల బరువుకు ఏడాదిలోపే కడుపు దిగుతుంది. 25 అంగుళాల పరిధికి ఆ భయం లేదు. పలకల వెనక అంచుకూ గోడకూ మధ్య అర అంగుళం సందు వదిలాం, గాలి ఆడాలి.

ప్లైవుడ్ బీడబ్ల్యూఆర్, అంటే మరిగే నీటిని తట్టుకునే రకం తీసుకోమన్నాను. షీటు మీద ఐఎస్ 303 అని భారతీయ ప్రమాణం సంఖ్య, పక్కన ఆ రకం పేరు ముద్ర ఉంటుంది. మామూలు తేమను మాత్రమే తట్టుకునే ఎంఆర్ రకానికీ అదే సంఖ్య ఉంటుంది కాబట్టి సంఖ్య ఒక్కటే చూసి మోసపోకూడదు. వంటింటి సింకు కింద వేసే ఐఎస్ 710 మెరైన్ ప్లై ఇక్కడ అనవసరపు ఖర్చు. తలుపులతో సహా ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీట్లు రెండు సరిపోయాయి.

చీర మడత మార్చడం

ఈ కేసులో అసలు లాభం చెక్క పనిలో కన్నా మడతలో వచ్చింది. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

చీర పన్నా సుమారు 46 అంగుళాలు. నాలుగు మడతలు వేస్తే 11న్నర అంగుళాలు అవుతుంది. మూడు మడతలు వేస్తే 15 అంగుళాల పైచిలుకు. ఈ అల్మరాకు రెండోదే సరైన కొలత, లోతు మొత్తం నిండుతుంది, వెనక సందు మిగలదు. అలా మూడు మడతలు వేసిన తర్వాత పొడవును సగానికి సగం చొప్పున అయిదుసార్లు మడవాలి. అయిదున్నర మీటర్ల చీర చివరికి ఏడు అంగుళాలకు కాస్త తక్కువ వెడల్పున తేలుతుంది. చిన్న అర ఎత్తు ఏడుంపావు. ఇప్పుడు ఆ చీరను పడుకోబెట్టకుండా, అరలో పుస్తకంలా నిలబెట్టాలి. పన్నా మడిచేటప్పుడు ఒక అంచు పైకి వచ్చేలా చూసుకుంటే, నిలబెట్టినప్పుడు అది బయటికి కనపడుతుంది. ఏ చీర ఎక్కడుందో అంచు చూసి పోల్చుకోవచ్చు. మంగళగిరి అంచు ఒక తీరు, పోచంపల్లి ఇక్కత్ రంగులు ఒక తీరు, వెతకాల్సిన పని లేదు.

ఇలా మడిచిన నూలు చీర మందం అంగుళంన్నర లోపు. ఒక చిన్న వరసలో 29 చీరలు నిలబడ్డాయి, చెయ్యి దూర్చి తీసుకునేంత జాగా ఇంకా మిగిలింది. రెండు వరసల్లో 58. అంటే పట్టు కాని చీరలన్నీ నేల నుంచి నాలుగో అర ఒక్కదాంట్లోనే కూర్చున్నాయి. ఇంతకు ముందు అవే చీరలు అర తర్వాత అర ఆక్రమించాయి. పైగా అడుగున ఉన్న చీర లాగితే పైవన్నీ మడత చెడేవి. అందుకే ఆవిడ ఎప్పుడూ పైన ఉన్న ఏడెనిమిది చీరలే తిప్పి తిప్పి కట్టుకునేవారు. మిగతావి ఉన్నాయన్న సంగతే మరిచిపోయి అలాంటివే మళ్లీ కొన్నారు కూడా. ఒకే రంగు గీతల వెంకటగిరి చీరలు జంటగా బయటపడ్డప్పుడు ఆయన ఏమీ అనలేదు, అది ఆయన విజ్ఞత.

నిలబెట్టే పద్ధతికి ఇబ్బందులు లేకపోలేదు. వరసలోంచి మూడు నాలుగు తీయగానే మిగతావి వాలిపోతాయి. స్టేషనరీ షాపుల్లో పుస్తకాలు వాలకుండా పెట్టే ఎల్ ఆకారపు ఇనుప రేకులు దొరుకుతాయి, ప్రతి అడుగుకూ ఒకటి చొప్పున పెట్టాం. జార్జెట్, షిఫాన్ చీరలకు అవి కూడా చాలవు, జారి కుప్పగా కూలుతాయి. వాటిని మూతలేని అట్టపెట్టెలో ఒత్తుగా కూర్చి, పెట్టెతో సహా అరలోకి తోశాం. జాకెట్టును చీర మడతలోనే పెట్టే అలవాటు ఆవిడకుంది. నిలబెట్టే చీరలకు అది కుదరదు, మధ్యలో బుడిపెలా ఉబ్బుతుంది. ఆ జాకెట్లు రెండో అరలోని పెట్టెలోకి వెళ్లాయి. దీనికి ఆవిడ అంత సులభంగా ఒప్పుకోలేదు. పొద్దున్నే హడావిడిలో రెండు చోట్ల వెతకాలా అన్నారు. న్యాయమైన మాటే. రంగుల వారీగా సర్దుకుంటే ఆ వెతుకులాట తగ్గుతుంది కానీ పూర్తిగా పోదు.

పట్టు చీరలను మాత్రం నిలబెట్టకూడదు. జరీ బరువుకు అడుగు మడత నలిగి, అక్కడే చిరుగుతుంది. వాటిని పడుకోబెట్టి, ఒకదాని మీద ఒకటి నాలుగుకు మించకుండా పై అరలో పెట్టాం. అన్ని అరల్లోకీ పొడిగా ఉండేది అదే. ప్లాస్టిక్ కవర్లన్నీ తీసేసి ఉతికిన మల్లు గుడ్డల్లో చుట్టాం. కవర్లో చిక్కుకున్న చెమ్మకు జరీ నల్లబడుతుంది. పట్టు చీరలకు జాకెట్టు వాటితోనే, ఒకే మూటలో ఉంది, ఇందులో ఆవిడ మాటే నెగ్గింది. మూడు నాలుగు నెలలకోసారి విప్పి నీడన గాలికి ఆరేసి, పాత గీత మీద కాకుండా మరో చోట మడవాలి. గద్వాల చీరలు ఎటూ కాని రకం. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నేనైతే వాటిని పట్టు కిందే లెక్కేస్తాను.

నాఫ్తలీన్ ఉండలు కావాలంటే గుడ్డలో కట్టి అరలో పై భాగాన వేలాడదీయాలి. ఆ ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగుతుంది. జరీకి నేరుగా తగలకూడదు. చంటిపిల్లల బట్టలున్న చోట అసలు వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లలకు వాటివల్ల ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది. ఈ ఇంట్లో ఎండిన వేపాకు పెట్టుకున్నారు.

మిగతా అరలు

నేల నుంచి మూడో అర ఆయనది. ఇస్త్రీ మడత చొక్కా తొమ్మిదిన్నర అంగుళాలు ఉంటుంది కాబట్టి సగం భాగంలో రెండు దొంతరలు, దొంతరకు ఆరు. పైనా కిందా కలిపి 24 చొక్కాలు. మిగిలిన రెండూ ఎప్పుడూ ఉతుకులోనో ఒంటి మీదో ఉంటాయి. రెండో సగం ప్యాంట్లకు. రెండో అర చుడీదార్లు, జాకెట్లు, లంగాలు. దీనికి అడ్డపలక వేయలేదు, పెట్టెలు పెట్టాం.

అట్టడుగు అర చూడాలంటే వంగాలి, వెనకకు చెయ్యి పెట్టాలంటే మోకాళ్ల మీద కూర్చోవాలి. ఆవిడకు మోకాళ్ల నొప్పి. మిగిలిన పాత చెక్కతో చక్రాల పెట్టెలు రెండు చేయించాం, దుప్పట్లూ తువ్వాళ్లూ అందులో. కాలితో లాగినా వస్తుంది. తాళ్ల పిడులు మా వడ్రంగి ఆలోచన.

జాకెట్టు ముక్కలు, పెట్టుపోతల చీరలు ఒక సూట్‌కేసులో అటక మీదికి ఎక్కాయి. ప్రతి చీరకూ ఒక చీటీ గుచ్చమన్నాను, ఎవరు ఇచ్చారో రాసి. ఇచ్చినవాళ్లకే మళ్లీ పెట్టిన సంఘటనలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి, ఇక్కడా ఉన్నాయట.

ఒకసారి కట్టి, ఉతకకుండా మళ్లీ కట్టాలనుకునే బట్టలు ఏ ఇంట్లోనైనా కుర్చీ మీదికే చేరతాయి. చెమట ఆరని బట్టను అల్మరాలో పెట్టకూడదు, మాసిన బట్టల బుట్టలో వేయడానికి మనసు రాదు. గది తలుపు వెనక వరసగా ఆరు కొక్కేలు కొట్టించాం, ఆవిడకు మూడు, ఆయనకు మూడు. కొక్కెం ఖాళీ లేకపోతే ఏదో ఒకటి ఉతుకుకు వెళ్లాలని షరతు. కుర్చీ ఖాళీ అయింది.

తలుపులు

పాత తలుపులు రెండు రెక్కలవి, ఒక్కో రెక్క 25 అంగుళాల పైన. మంచానికీ అల్మరాకూ మధ్య జాగా 20 అంగుళాలే. తలుపు సగం తెరుచుకుని మంచానికి తగులుతుంది. అల్మరాలో రెండు పక్క మూలలూ ఇన్నాళ్లూ పనికిరాకుండా పోవడానికి ఇది కూడా కారణమే. కిటికీ వల్ల మంచం జరపలేం. జారుడు తలుపు పెడితే ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, పైగా పట్టాలకే మూడు అంగుళాల లోతు పోతుంది. ఉన్న 17లో ఆ మూడూ వదులుకోవడం కుదరదు. అందుకని నాలుగు రెక్కల మడత తలుపులు చేయించాం, ఒక్కో రెక్క 12 ముప్పావు అంగుళాలు. తెరిస్తే జతగా మడిచి పక్కకు నిలబడతాయి. అలా నిలబడ్డప్పుడు ఒక్కో పక్క అంగుళంన్నర అడ్డం వస్తాయి కాబట్టి చక్రాల పెట్టెల వెడల్పు ఆ మేరకు తగ్గించాల్సి వచ్చింది. రెక్కల కిందా పైనా గాలికి సన్నని రంధ్రాల వరస పెట్టించాం. తలుపు లోపలి ముఖానికి ఆవిడ అద్దం అడిగారు. మడత తలుపుకు అద్దం బరువు ఎక్కువై కీలు సాగుతుందని పక్క గోడకు పెట్టించాను.

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద వెళ్లి చూశాను. నిలబెట్టిన చీరల అర చెక్కు చెదరలేదు. కింది అరలో బూజు వాసన లేదు, మధ్యలో ఒక వర్షాకాలం గడిచింది కూడా. రెండో అరలోని పెట్టెల్లో మాత్రం కరెంటు బిల్లులు, ఫోను ఛార్జరు, సగం వాడిన ఊలు ఉండ చేరాయి. అట్టడుగు అర కాక అడ్డపలక లేనిది అది ఒక్కటే కాబట్టి అక్కడా ఒకటి వేయమన్నారు.

అమ్మాయి గదిలో కూడా ఇలాగే చేయమని అడిగారు. ఆ అల్మరా తర్వాత కట్టించినది, లోతు 23 అంగుళాలు. అక్కడ చీరను ఈ కొలతకు మడిచి నిలబెడితే వెనక ఏడు అంగుళాలకు పైగా సందు మిగిలిపోతుంది. ఆమె బట్టలు ఎక్కువగా కుర్తీలు, చొక్కాలు, జీన్స్. ఆ గదిలో అడ్డపలకలు రెండు తీయించి రాడ్డు వేయిస్తున్నాం.